బతకలేక బడిపంతులా? - కష్టకాలాల్లో మన అయ్యవార్ల చరిత్ర

ఈ సంవత్సరం సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని మన సొసైటీ కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను నవాబుల గురించో, ఉదయగిరి కోట గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నవాబుల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. నెలాఖరుకు కిరాణా కొట్లో బాకీ వ్రాయించుకొనే బడిపంతులు గురించి వ్రాసేవారే తక్కువ. నేనూ ఆ కులంవాడినే గనుక, ఆయన చరిత్రే వ్రాయదలచాను.

"బతకలేక బడిపంతులు" అని మన తెలుగువారికి ఒక సామెత ఉన్నది. వేరే ఏ పనీ చేతగానివాడు బడిలో చేరుతాడని దాని భావం. చిన్నప్పుడు ఈ మాట విని నవ్వేవాళ్ళం. నేనే పంతులునయ్యాక నవ్వు రాలేదు. ఆలోచన వచ్చింది. జీతం చాలనప్పుడు, సగమే వచ్చినప్పుడు, అసలే రానప్పుడు కూడా కొందరు ఉపాధ్యాయులుగానే ఎందుకు నిలబడతారు? కొందరు ఎందుకు నిలబడలేరు? ఈ ప్రశ్నకు జవాబు జీతాల పట్టికలో దొరకదని నా అభిప్రాయం. ఆ మనిషి సుద్దముక్క పట్టకముందు ఎట్లా బతికినాడు, ఎవరి చేతి అన్నం తిని చదువుకొన్నాడు అన్న దాంట్లో దొరుకుతుంది. రెండు వందల ఏళ్ళ చరిత్రలో నుండి నాలుగైదు సంగతులు చెప్పి, ఆ పైన నేను కళ్ళారా చూసింది చెబుతాను.

మన్రో దొర తీసిన లెక్క

1801 లో కర్ణాటక నవాబు రాజ్యం కుంఫిణీ వశమైనప్పుడు మన నెల్లూరు సీమ కూడా వారి పాలన క్రిందికి పోయింది. 1822 లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీసి పంపమని కలెక్టర్లందరికీ ఉత్తరువు చేసినాడు. లెక్కలన్నీ వచ్చాక 1826 మార్చి 10 వ తేదీన ఆయన వ్రాసిన నివేదికలో మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేలింది. అప్పటి జనాభా 1,28,50,941.

అయితే మన్రోకు బడుల సంఖ్య కంటె పంతుళ్ళ దరిద్రమే ఎక్కువ కనపడినట్టుంది. పిల్లవాడి దగ్గర నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల దాకా ముడుతుందనీ, ఎంత చేసినా పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించదనీ, ఆ మాత్రం దానికి యోగ్యులు ఈ వృత్తిలోకి ఎందుకు వస్తారనీ ఆయన వ్రాసినాడు. మిగతాది దసరా మామూళ్ళు, కోతల కాలంలో కుంచెడు ధాన్యం. ఊరు పండితే పంతులు తినేవాడు. ఊరు ఎండితే ఊరి కంటె ముందు ఆయన పస్తుండేవాడు.

బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 లో పంపిన నివేదిక ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. చదువు క్షీణించడానికి కారణం జనం పేదలు కావడమేనని ఆయన దాచకుండా వ్రాసినాడు. సీమ బట్టలు వచ్చి మన మగ్గాలు మూలబడ్డాయి. మగ్గం ఆగితే సాలెవాని కొడుకు బడి మానినాడు. పిల్లవాడు మానితే పంతులుకు ఆ నాలుగణాలూ పోయినాయి. మాంచెస్టరులో మిల్లు తిరిగితే మన వీధి అరుగు మీది బడి మూతపడిందన్న మాట. ఆర్థిక సంక్షోభమని ఇప్పుడు పెద్ద మాట వాడుతున్నాము గాని, సంగతి పాతదే.

మన్రో ఒక ఉపాయం చెప్పినాడు. ప్రతి జిల్లాలోనూ హిందువులకు ఒకటి, ముసల్మానులకు ఒకటి చొప్పున రెండు పెద్ద బడులు పెట్టి, వాటి ఉపాధ్యాయులకు నెలకు 15 రూపాయలు ఇవ్వాలనీ, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు ఇవ్వాలనీ ఆయన పథకం. మరుసటి సంవత్సరమే, 1827 లో, ఆయన పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయినాడు. ఆ బడులు కుంటుతూ నడిచి, 1836 లో మూతపడినాయి.

ఇక పారశీకం చెప్పే మన మున్షీల గతి చూడండి. నవాబుల కచేరీలలో పారశీకం నడిచినంత కాలం మున్షీకి గౌరవమూ ఉండేది, గ్రాసమూ ఉండేది. రాజ్యం మారింది. తరువాత కచేరీ భాషా మారింది. తెచ్చుకొన్న విద్యకు విలువ లేకుండా పోయింది. తండ్రి తాతల నాటి నుంచీ అదే వృత్తిగా బతికినవారు మసీదు వసారాలో చాప పరచుకొని అలిఫ్ బే చెప్పుకొంటూ ఉండిపోయినారు. మన ఉర్దూ బడులకు మూలపురుషులు వారేనని నేను అనుకొంటాను. 1882 లో హంటర్ కమిషన్ ముస్లిముల చదువుకు ప్రత్యేక ప్రోత్సాహం కావాలని సిఫారసు చేసే నాటికి, ఆ చాపలు ఇంకా చుట్టిపెట్టలేదు గనుకనే బడులు పెట్టడానికి పునాది దొరికింది.

కాలువ గట్టు మీద నుంచి బడిలోకి

మన తీరం పొడుగునా పోయే బకింగ్‌హాం కాలువను మీరందరూ చూసినవారే. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత దానిలో చాలా భాగం త్రవ్వించినారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టినారు. ఆ కరువులో దక్షిణ దేశమంతటా లక్షలాది జనం చచ్చిపోయినారు. 1877 లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, కరువు పనిలో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన చిల్లర డబ్బులు చాలునని తగ్గించినాడు.

ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌ అనే దొర ఉండేవాడు. కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకం ఆయన కంట్రాక్టుకు తీసుకొన్నాడు. పాదిరీకి మట్టి పని ఏమి తెలుసునని అనుకొంటాము. ఆయన పడుచుతనంలో అమెరికాలో భూముల సర్వే బృందంలో పని చేసి ఉన్నాడు. గొలుసు పట్టి భూమి కొలిచిన ఆ పాత అనుభవం, ఇరవై ఏళ్ళ తరువాత వేరే దేశంలో వేలమందికి కూలి దొరకడానికి పనికివచ్చింది. ఆయన దగ్గరి దేశీయ బోధకులే కాలువ గట్టు మీద మేస్త్రీలుగా నిలిచి పని చేయించినారు. వారిలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు, అంతకు మునుపు ఏ అరుగు బడీ గడప తొక్కనివ్వనివారు. కరువు తీరాక పల్లెల్లో పెట్టిన చిన్న చిన్న బడులలో పాఠం చెప్పినదీ అటువంటివారే. కూలికి పోయి గంజి కోసం వరుసలో నిలబడినవాడు పంతులైతే, ఆకలితో వచ్చిన పిల్లవాడిని "ఎందుకు ఆలస్యం" అని కొట్టడు. ముందు తిన్నావా అని అడుగుతాడు. మతాల సంగతి ఇక్కడ నేను ఎత్తడం లేదు. ఉపాధ్యాయుడు ఎక్కడి నుండి పుడతాడో చెబుతున్నాను, అంతే.

మూడు రూపాయల మేష్టరు

గుర్రం జాషువాగారిని మహాకవిగా ఎరుగని తెలుగువాడు లేడు. 1895 లో వినుకొండలో పుట్టిన ఆయన బడిపంతులన్న సంగతి మాత్రం మరచిపోతూ ఉంటాము. మొదట మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగమూ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రాజమండ్రి పోయి, మూగ సినిమాలకు తెర ప్రక్కన నిలబడి కథా సంభాషణలూ చదివే పని చేసినారు. తరువాత గుంటూరులో లూథరన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు, ఆ మీదట 1928 నుండి 1942 దాకా తెలుగు పండితులుగా పని చేసినారు. "గబ్బిలం" 1941 లో వచ్చింది. ఊరి వెలుపలి బతుకూ, పోయిన ఉద్యోగమూ, సినిమా హాలు చీకటీ అన్నీ ఆయనతోపాటు తరగతి గదిలోకి వచ్చి ఉంటాయి. అవి లేకుండా ఒట్టి పండితుడే వచ్చి ఉంటే మనకు జాషువా దొరికేవాడా?

ఆయన పండితులుగా ఉన్న కాలమే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడిన కాలం. 1929 తరువాత వడ్ల ధర పడిపోయి మన రైతులు శిస్తు కట్టలేకపోయినారు. 1931 చివర ప్రభుత్వోద్యోగుల జీతాలలో నూటికి పది వంతులు కోత పెట్టినారు. అమెరికాలోని చికాగో వంటి మహానగరంలోనే 1931-33 మధ్య ఉపాధ్యాయులకు నెలల తరబడి జీతాలు లేవు. డబ్బుకు బదులు చీటీలు ఇచ్చినారు. వాళ్ళు 1933 లో బ్యాంకుల మీదికి ఊరేగింపుగా పోయినారు గాని, బడులు మాత్రం నడిపినారు.

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 5 న దండలు వేసి పండుగ చేస్తున్నామే, ఆ రాధాకృష్ణ పండితుల ఇంటిపేరు మన జిల్లాలోని సర్వేపల్లిదే. 1962 నుండి ఆ పండుగ జరుగుతున్నది. ఆ ఒక్క రోజు గౌరవం మిగతా 364 రోజుల సంగతిని కప్పిపుచ్చకూడదు.

అంకెలే పేర్లయిన రోజులు

స్వరాజ్యం వచ్చాక జీతాలు మెరుగుపడినమాట నిజం. అయినా ఉపాధ్యాయుడి నెత్తిన కత్తి వేలాడుతూనే ఉన్నది. 1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55 కు తగ్గించినప్పుడు, కూతురి పెళ్ళి పెట్టుకొన్న మేష్టర్లు ఒక్క ఉత్తరువుతో ఇంటికి పోయినారు. ఆ నిర్ణయాన్ని తరువాత మార్చినా, పోయిన నిద్ర తిరిగి రాలేదు. అదే దశకంలో నెలకు 398 రూపాయల స్థిర వేతనం మీద స్పెషల్ టీచర్లను నియమించినారు. వాళ్ళకు ఊళ్ళలో పేర్లు ఉండేవి కావు. "398 మేష్టరు" అనేవాళ్ళు. మనిషిని జీతం అంకెతో పిలవడం ఆ రోజుల్లోనే విన్నాము. ఆ తరువాత అప్రెంటిస్‌లు వచ్చినారు, విద్యా వాలంటీర్లు వచ్చినారు. 1998 డి.ఎస్.సి. లో అర్హత పొంది ఉద్యోగం రానివారికి ప్రభుత్వం 2022 లో అవకాశం ఇవ్వ నిర్ణయించేసరికి, వారిలో చాలామందికి యాభై దాటింది. ఈ మధ్య కాలమంతా కూలికి పోయినవారు, బట్టలు అమ్మినవారు కూడా మళ్ళీ సుద్దముక్క పట్టడానికి వచ్చినారు. 'నేను పంతులును' అన్న మాటను ఇరవై నాలుగేళ్ళు లోపల దాచుకొని బతికినవారు వీరు. ఇది జీతం కోసమే అనగలమా?

తుఫాను, రొయ్యలు, మా మాస్టర్ సాబ్

ఇక నేను చూసింది చెబుతాను. మాది కావలి వైపు సముద్రం ఒడ్డు పల్లె. మా అబ్బాజాన్ దర్జీ. 1989 నవంబరు 8 వ తేదీ రాత్రి పెను తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. నాకు అప్పుడు పదేళ్ళు. మా ఇంటి కప్పు పోయింది. మా ఉర్దూ బడి కప్పూ పోయింది. నాలుగో రోజు పొద్దున, చింతచెట్టు కొమ్మకు వ్రేలాడగట్టిన రైలు పట్టా ముక్క మీద గంట వినపడింది. పోయి చూస్తే మా మాస్టర్ సాబ్, పంచె పైకి కట్టుకొని గంట కొడుతున్నారు. "పుస్తకాలు తడిసిపోయినాయి సాబ్" అన్నాను. "పుస్తకాలు లేకపోతే ఎక్కాలు చెప్పుకొందాం. గంట వినపడితే గదరా, ఊరు బతికి ఉండాదని తెలిసేది" అన్నారు.

ఆయన తండ్రి బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలు లాగిన మనిషి. లారీలు వచ్చి పడవలకు గిరాకీ పోయినప్పుడు ఆ ఇంట పొయ్యి వెలగలేదు. పిల్లవాడుగా ఆయన నెల్లూరు చేరి, ఇంటికొక పూట చొప్పున తిని చదువుకొన్నారు. పరీక్ష ఫీజు ఒక బియ్యం కొట్టు ఆసామి కట్టినాడట. ఈ సంగతులు ఆయన పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చనిపోయిన తరువాత వారి బీబీ గారు చెబితే తెలిసినాయి.

1990 ల మొదట్లో మా తీరమంతా రొయ్యల గుంటలైంది. వరి పండే చేను కూడా గుంట అయింది. ఎకరాకు వచ్చే కౌలు చూసి రైతులు, షావుకార్లు, చివరకు ఉపాధ్యాయులు కూడా ప్రావిడెంట్ ఫండు అప్పు తీసి వాటాలు పెట్టినారు. 1994-95 లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలకు గుంటలే తెల్లవారేసరికి చచ్చినాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పు చెప్పేనాటికి మా ఊళ్ళో అప్పులు తప్ప ఏమీ మిగల్లేదు. అబ్బాజాన్‌కు కుట్టుపని లేదు. పండుగకే ఎవరూ బట్టలు కుట్టించుకోలేదు. నేను బడి మాని, ఒక గుంట మీద రాత్రి కాపలాకు పోయినాను. డబ్బా వాయించి కొంగలను తోలడం పని. తెగులు వచ్చాక ఆ కూలీ ఎగిరిపోయింది.

ఒక సాయంత్రం మాస్టర్ సాబ్ సైకిలు మీద గుంట గట్టుకు వచ్చినారు. "బేటా, నీ పదో తరగతి ఫీజు కట్టేసినాను. రొయ్యలు చచ్చినాయి గాని నువ్వు చావలేదు గదా. రేపు బడికి రా" అన్నారు. ఆ గుంటలలో ఆయన వాటా కూడా పోయిందనీ, ఆ సంవత్సరం ఆయన కూతురి నికాహ్ వాయిదా పడిందనీ నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఫీజు తీసుకొనేవాడినా అని ఇప్పటికీ అనుకొంటూ ఉంటాను.

చరిత్ర అన్నాక రెండో ప్రక్క కూడా చెప్పాలి. అదే కష్టం, అదే నష్టం వచ్చిన మరొక ఉపాధ్యాయుడు బడికి వచ్చి సంతకం చేసి, చీటీల వ్యాపారానికి పోయేవాడు. ఆయననూ నేను తిట్టలేను. ఆయన తండ్రి అప్పులవాళ్ళ భయంతో ఊరు విడిచి పోయినవాడు. అప్పు అంటే ఆయనకు చిన్ననాటి దయ్యం. కష్టం అందర్నీ ఒకే అచ్చులో పోయదు. చిన్నప్పుడు ఆపదలో ఒక చెయ్యి పట్టుకొన్నవాడికి చెయ్యి చాచడం తెలుస్తుంది. ఏ చెయ్యీ అందనివాడికి గుప్పిట మూయడమే తెలుస్తుంది. తేడా అక్కడ ఉన్నది.

సగం జీతం నాటి మాట

నేను 2001 లో నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం మీద విద్యా వాలంటీరుగా చేరినాను. సాయంత్రం అబ్బాజాన్ మిషను మీద కాజాలు కుట్టేవాడిని. 2008 డి.ఎస్.సి. లో ఎంపికై ఉద్యోగస్తుడనైనాను. 2004 సెప్టెంబరు తరువాత చేరినవాడిని గనుక పాత పెన్షను నాకు లేదు.

2020 లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు, మార్చి, ఏప్రిల్ నెలలకు మా జీతంలో సగం ఆపి సగమే ఇచ్చినారు. ఇంటి అప్పు వాయిదా ఎట్లా కట్టాలని నేను అందరితోనూ చెప్పుకొని గోల పెట్టినాను. ఒక రోజు నా పాత శిష్యుడు ఇంటికి వచ్చినాడు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. గుమ్మం బయటే నిలబడి, "సార్, మీకు సగమైనా వచ్చింది గదా" అన్నాడు. అంతే అన్నాడు. బియ్యం అడగడానికి వచ్చినాడని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ రోజు పడిన సిగ్గు ఈ వ్యాసానికి అసలు కారణం.

ఆ వేసవిలో నెల్లూరులోనే ఒక తెలుగు ఉపాధ్యాయుడు కొత్త అడ్మిషన్లు తేలేక ఉద్యోగం పోగొట్టుకొని, అరటిపండ్ల బండి తోసుకొంటూ కనపడినాడు. ఆ సంగతి పత్రికలలో వచ్చింది. ఆయన పాత విద్యార్థులు చందాలు వేసుకొని సాయం చేసినారు. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు ప్రభుత్వం 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మన వైపు పూర్వ విద్యార్థులు, ఇరుగు పొరుగులే దిక్కైనారు.

మనం చేయదగిన పని

ఇదంతా చదివి, ఉపాధ్యాయుడు కష్టపడితేనే మంచివాడవుతాడు గనుక జీతం తక్కువ ఇచ్చినా ఫరవాలేదని ఎవరైనా అనుకొంటే నా వ్రాత వ్యర్థం. మన్రో రెండు వందల ఏళ్ళ క్రిందటే చెప్పినాడు గదా, ఆరేడు రూపాయలకు యోగ్యుడు రాడని. త్యాగం మనిషి తనంతట తాను చేసేది. దాన్ని ఇంకొకరు జీతంలో లెక్క కట్టి తగ్గించుకోకూడదు. ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులలో రిజర్వుడు కోటాకు అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోయేవి ఉన్నవి. వాటి గురించి అడగవలసినవారు గట్టిగా అడగాలి.

సొసైటీ సభ్యులకు నావి రెండు మనవులు. ఒకటి, మన ఊళ్ళలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మదర్సా ఉస్తాదులు, ఉస్తానీలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి దగ్గర కూర్చొని, వారు ఎట్లా చదువుకొన్నారో, ఏ కరువులో ఏమి తిన్నారో వ్రాసి, ప్రతి సంచికలో ఒకరిది వేయండి. కొత్తగా చేరే కుర్ర ఉపాధ్యాయులకు అది ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ దొరకని పాఠం. మా మాస్టర్ సాబ్ కథను ఆయన నోట వినలేకపోయిన బాధ నాకు ఉన్నది. మీకు ఆ బాధ వద్దు. రెండు, ప్రైవేటు బడులలో, మదర్సాలలో చెప్పేవారి కోసం ఒక చిన్న ఆపద నిధి. జీతాలు వచ్చే మా వంటివారం నెలకు వంద చొప్పున వేసినా సంవత్సరానికి ఒక మోస్తరు మొత్తమవుతుంది. నా పేరు మొదట వ్రాసుకోండి.

మొహర్రం నెలలో మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకు కులమతాలు లేకుండా జనం వస్తారు. చదువు రావాలని కోరుకొన్నవారు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె తీసుకొంటారు. నమ్మకాల సంగతి ఎవరిది వారిది. ఆ ఆచారంలో నాకు నచ్చినది ఒకటి ఉన్నది. కోరిక తీరినవాడు మరుసటి సంవత్సరం వచ్చి, తాను తీసుకొన్న రొట్టెను వేరొకరికి ఇవ్వాలి. బియ్యం కొట్టు ఆసామి మా మాస్టర్ సాబ్‌కు ఇచ్చినాడు. ఆయన గుంట గట్టు మీద నాకు ఇచ్చినారు. నా శిష్యుడికి ఆ రోజు నేను ఇచ్చినది ఒక బస్తా బియ్యమే. వాడు ఇప్పుడు మళ్ళీ బడిలో లెక్కలు చెబుతున్నాడు.